అనంతపురం సీమలో పెండ్లికొడుకు: వేషం, బాధ్యత

అనంతపురం సీమలో పెండ్లికొడుకు ఒంటి మీదికి చేరే వస్తువుల్లో అతను సొంతంగా సమకూర్చుకున్నవి చాలా తక్కువ. ముహూర్తానికి కట్టే మధుపర్కాలు మామ పెట్టినవి. పెండ్లికొడుకును చేసే నాటి కొత్తబట్టలు చాలా ఇళ్ళలో మేనమామ తెచ్చినవి. గోళ్ళు తీసేది మంగలి, నడిచే దారిలో గుడ్డ పరిచేది చాకలి, పందిట్లో పెట్టే ఐరేని కుండలు కుమ్మరి ఇంటివి. ఇవేవీ ఊరికే వచ్చేవి కావు. తీసుకున్న ప్రతిదానికీ గింజల రూపంలోనో బట్టల రూపంలోనో మర్యాద రూపంలోనో తిరిగి ఇవ్వాల్సిందే. అందుకే ఇక్కడి వరుడి వేషాన్ని అలంకారంగా మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. ఎవరికి ఎవరు ఏం ఇచ్చుకోవాలో చెప్పే లెక్క అందులో ఉంది. ఒకప్పుడు ఆ లెక్కలో బరువు మగపెండ్లివారి వైపు ఎక్కువ. ఇరవయ్యో శతాబ్దంలో అది తలకిందులైంది.

ఈ సీమ అంటే 1882లో బళ్ళారి జిల్లా నుంచి విడివడి ఏర్పడిన పాత అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్‌లో అందులోంచి పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. పడమటి కనుమల చాటున పడిన నేల కావడంతో నైరుతి వాన సరిగా అందదు; తీరం దూరం కావడంతో ఈశాన్య వానా అంతంతమాత్రమే. ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మడకశిర, హిందూపురం, రాయదుర్గం, కల్యాణదుర్గం వైపు కన్నడం కొందరికి ఇంటి భాష, మిగిలినవారికి ఇరుగుపొరుగు భాష. పెండ్లి తంతులోనూ ఆ పొత్తు కనిపిస్తుంది. ఊరేగింపును మెరవణి అంటారు. వరుడి తలపాగా చుట్టులో మైసూరు పేటా పోలిక ఉంటుంది.

పెండ్లికొడుకు రూపానికి ఈ నేల మీద దొరికే పాత సాక్ష్యాల్లో లేపాక్షిది పెద్ద పీట. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయంలో, పైకప్పు లేకుండా అసంపూర్తిగా నిలిచిపోయిన కల్యాణమండపం ఉంది. దాని స్తంభాల మీద పార్వతీ పరమేశ్వరుల పెండ్లి, దానికి తరలివచ్చిన దేవతలు, మునులు శిల్పాలుగా నిలిచారు. నాట్యమండపం పైకప్పు మీద అదే పెండ్లి రంగుల్లో ఉంది. దేవుడు కిరీటం, ఆభరణాలతో ఉంటే, అదే గుడిలో బొమ్మలుగా మిగిలిన ఆనాటి ప్రభువుల తలల మీద పొడుగాటి కుళ్ళాయిలు ఉన్నాయి. కుళ్ళాయి అప్పటి కొలువు వేషం. తిరుమలలో దేవేరులతో నిలబడిన కృష్ణదేవరాయల లోహవిగ్రహం తలపైనా అదే. కన్నడ రాజ్యపు కొలువులో కుళ్ళాయి పెట్టుకోవాల్సి వచ్చినందుకు శ్రీనాథుడు విసుక్కున్నట్టు ఒక చాటువు ప్రచారంలో ఉంది. లేపాక్షి చిత్రాల్లోని చీరల అంచులు, పూల చట్రాలు తరవాత నేతగాళ్ళకు నమూనాలయ్యాయి. మగవారి కుళ్ళాయి మాత్రం కొలువులతోపాటే పోయింది. మిగిలినవి పంచె, ఉత్తరీయం, తలగుడ్డ.

ఇటీవలి కాలం దాకా పల్లె వరుడి వేషానికి ఆధారం తెల్లని నూలు పంచె. సేద్యపు ఇళ్ళలో గోచీ పెట్టి కట్టేవారు, వైదికం నడిచే ఇళ్ళలో పంచకచ్చం. ముహూర్తపు మధుపర్కాలు ఎర్రంచు లేదా పసుపంచు ఉన్న తెల్ల నూలుబట్టలు. కొసలకు పసుపు రాసిన తరవాతే అవి శుభానికి పనికొస్తాయి. పై బట్టగా ఉత్తరీయం, తలకు రుమాలు. ఈ సీమలో రుమాలు అంటే చేతిగుడ్డ కాదు, చుట్టి చుట్టి కట్టే తలపాగా. మామూలు రోజుల్లో ఎండకు అడ్డంగా ఉండే ఆ గుడ్డే పెండ్లినాడు రంగు మార్చుకుని, కొసన జరీ తోడు తెచ్చుకుని గౌరవచిహ్నం అయ్యేది. నుదుటి మీద బాసికం. బెండు ముక్కలను చెక్కి, రంగు కాగితం, తళుకు అంటించి, రెండు వైపులా దారం పెట్టి కణతల మీదుగా కట్టే తేలికైన వస్తువది. బుగ్గన కాటుక చుక్క, కాళ్ళకు పారాణి, మెడలో పూలహారం. ధర్మవరం ఎంత పేరున్న పట్టు ఊరైనా ఆ మగ్గాల పట్టు వరుడి ఒంటి మీదికి పెద్దగా చేరలేదు. భౌగోళిక గుర్తింపు పొందినవీ ధర్మవరం పట్టు చీరలూ పావడాలే. అయితే ఆ చీర కొని తేవడం వరుడి పక్షం బాధ్యత. ముహూర్తపు చీర నాణ్యం బట్టి మగపెండ్లివారి తాహతును ఆడవాళ్ళు కొలిచేవారు.

వరుడి చేతిలో ఒక ఇనుప వస్తువు ఉండాలి. బాకు అయితే మేలు. లేనిచోట చిన్నకత్తో, అడకత్తెరో. మొనకు నిమ్మకాయ గుచ్చుతారు. దిష్టికీ గాలికీ ఇనుము విరుగుడని చెప్పే కారణం. కానీ పాలెగాళ్ళు ఏలిన సీమలో కత్తి పట్టుకోవడానికి వేరే అర్థమూ ఉండి ఉంటుంది. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. అప్పటినుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్ళ బలం అణిచాడు. ఊరి మగవాడి చేతి ఆయుధం క్రమంగా ఇంటి చూరులోకి చేరింది. పెండ్లి మూడు రోజులు మాత్రం అది మళ్ళీ చేతికి వచ్చేదని అనుకోవడంలో తప్పులేదు. తెలుగు జమీందారీ కుటుంబాల్లో వరుడు రాలేని పరిస్థితిలో అతని కత్తినే పంపి జరిపించే కత్తికల్యాణం కూడా ఉండేది. అంటే కత్తి అలంకారం కాదు, అది మనిషికి బదులు నిలబడగలిగినది.

ఈ వేషం పెండ్లినాడు ఒక్కసారిగా ఒంటి మీదికి రాదు. ముందు పెండ్లికొడుకును చేయాలి. మంగలి గోళ్ళు తీసి, క్షవరం చేస్తాడు. ముత్తైదువులు నూనె రాసి, నలుగు పెట్టి తలంటుతారు. పీట మీద కూర్చోబెట్టి సేస పెడతారు. బంధువులు ఒక్కొక్కరే వచ్చి రెండు చేతులా బియ్యం తీసుకుని వరుడి మోకాళ్ళకు, భుజాలకు తాకించి తల మీద వదులుతారు. వయసులో పెద్దవారు, ఆడపడుచులు, మేనత్తలు అని ఒక వరస ఉంటుంది, అది తప్పితే అలకలు మొదలవుతాయి. పసుపుకొమ్ము కట్టిన కంకణం ముంజేతికి పడ్డాక వరుడు పొలిమేర దాటకూడదు, ఒంటరిగా తిరగకూడదు, సావు ఇంటికి పోకూడదు. అతని వెంట తోడుపెండ్లికొడుకుగా ఒక చిన్న పిల్లవాడు అదే తీరులో ముస్తాబై తిరుగుతాడు. కంకణం విప్పే వరకు ఇంటి పనీ చేలో పనీ వరుడికి నిషేధం. ఏడాదంతా ఎండలో ఒళ్ళు వంచే రైతుబిడ్డకు జీవితంలో దక్కే విశ్రాంతి దాదాపు ఇదొక్కటే.

కంకణం విషయంలో కురుబలది ప్రత్యేకమైన చరిత్ర. అనంతపురాన్ని ఏలిన హండె వంశం వారిదేనని చెబుతారు. గొర్రెల పెంపకం, కంబళ్ళ నేత వారి పాత జీవనాధారాలు. పెండ్లిలో ముంజేతికి కట్టే దారం నూలుదా, ఉన్నిదా అన్నదాన్ని బట్టి వారిలో హత్తి కంకణం, ఉన్ని కంకణం అనే తెగలు ఏర్పడ్డాయి. ఎడ్గర్ థర్స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం దీన్ని నమోదు చేసింది. వధూవరులను కూర్చోబెట్టేదీ కంబళి మీదే. మంద కాసే కులంలో వరుడి గుర్తింపు పట్టుతోనో బంగారంతోనో కాకుండా గొర్రె బొచ్చుతో ముడిపడటం ఈ పొడి నేలకు తగినదే.

తెలుగు మాట్లాడే దూదేకుల ముస్లిముల పెండ్లి మరోలా రెండు దారుల కలయిక. ఖాజీ ముందు నిఖా, మెహర్ ఒప్పందం, వరుడి ముఖం మీద జాలువారే పూల సెహరా ఒకవైపు. పసుపు, పందిరి, వధువు మెడలో నల్లపూసలు, కొన్ని ఇళ్ళలో తాళి మరోవైపు. ఇక్కడ వరుడి మీద పడే బాధ్యత మెహర్. అది అతను భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము.

హిందూ సేద్యపు కులాల్లో, వృత్తికులాల్లో దానికి దగ్గరగా ఉండేది ఓలి. తేడా ఏమంటే ఓలి అమ్మాయికి కాక ఆమె తండ్రికి చేరేది. నిశ్చయం నాడు పెద్దమనుషుల ఎదుట తాంబూలంతోపాటు ఓలి చెల్లించేవారు; చాలా కులాల్లో ఎంత ఇవ్వాలో కట్టుబాటుగా నిర్ణయమై ఉండేది. మేనరికంలో, ముఖ్యంగా అక్క కూతుర్ని మేనమామ చేసుకునే పెండ్లిలో ఓలి తగ్గేది, లేదా మాటకే మిగిలేది. ఆడమనిషి చేలో చేసే పనికి ఇది వెలకట్టడమే. కలుపు, కోత, నూర్పిళ్ళు ఆడవాళ్ళ చేతుల మీద నడిచే మెట్టసేద్యంలో ఒక ఇంటి నుంచి కూతురు వెళ్ళిపోతే ఆ ఇంటికి నష్టం, మరో ఇంటికి లాభం. దీన్ని కూతుర్ని అమ్ముకోవడంగా సంస్కర్తలు తిట్టారు. ఆ తిట్టులో న్యాయం ఉంది. కానీ కోస్తా అగ్రహారాల కన్యాశుల్కాన్నీ మెట్టసీమ ఓలినీ ఒకే గాటన కట్టడం సరికాదు. ముసలి వరుడికి పసిపిల్లను అంటగట్టే బేరం వేరు, ఇద్దరూ చేలో దిగే ఇంటి లెక్క వేరు.

ఓలితో ఆగేది కాదు. చాలా సేద్యపు కులాల్లో పెండ్లి జరిగేదే వరుడి ఊళ్ళో, వరుడి ఇంటి ముందు. పందిరి, భోజనాలు, మేళం, తాళిబొట్టు, ముహూర్తపు చీర, ఇంటి చాకలి మంగళ్ళకు ఇచ్చుకోలు అన్నీ మగపెండ్లివారివే. ఆడపెండ్లివారు బండ్లు కట్టుకుని వస్తే ఊరి బయట ఎదురుకోలు చేసి, పానకం ఇచ్చి, విడిదిలో దించడం మర్యాద. చదివింపులు రాసుకున్న పుస్తకం వరుడి తండ్రి దగ్గర ఉండేది. ఎవరి ఇంట పెండ్లి జరిగినా అదే పుస్తకం తీసి చూసి, వచ్చినదానికి తగ్గకుండా పెట్టేవారు. ఆ బాకీ వరుడికి వారసత్వంగా దిగేది.

బాధ్యత మరింత బిగుసుకున్నది ఇల్లటం అల్లుడి విషయంలో. కొడుకుల్లేని రైతు కూతుర్నిచ్చి అల్లుణ్ణి ఇంట్లోనే ఉంచుకునే ఆచారం రెడ్లు, కమ్మవారిలో పాతుకుపోయింది. 1880ల నాటి మద్రాసు హైకోర్టు తీర్పుల్లోనే దానికి చట్టపరమైన గుర్తింపు దక్కింది. ఇల్లటం అల్లుడు దత్తపుత్రుడు కాడు. కన్న తండ్రి ఆస్తిలో హక్కు పోదు. మామ సేద్యం, వ్యవహారాలు భుజాన వేసుకోవాలన్నది ఒప్పందం. బదులుగా కొడుకుతో సమానమైన వాటా వస్తుంది, మామకు తరవాత కొడుకు పుట్టినా ఆ వాటా పోదు. బావి తవ్వాలన్నా, కపిల తోలాలన్నా, వాన పడ్డ రెండు మూడు రోజుల పదనులోనే చేను విత్తాలన్నా మగచేయి లేకపోతే ఈ నేలలో సేద్యం సాగదు. అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకోవడం వెనక ఆ అవసరం ఉంది. ఊరు మాత్రం ఇల్లటం వచ్చినవాణ్ణి కాస్త చిన్నచూపే చూసేది.

ముహూర్తం నాటి తంతులో వరుడు చేసే పనులు తెలుగుదేశమంతా దాదాపు ఒకటే. తెర అడ్డం ఉండగా జీలకర్ర బెల్లం, తాళి మూడు ముళ్ళు, తలంబ్రాలు, కొంగుముడి, ఏడడుగులు, వధువు పాదం పట్టి సన్నికల్లు తొక్కించడం, మెట్టెలు, అరుంధతి. ధర్మార్థకామాల్లో ఆమెను దాటిపోనని కన్యాదాత ఎదుట వరుడు మాట ఇస్తాడు. వైదికం లేని ఇళ్ళలో ఈ సంస్కృతపు మాట వినపడేది కాదు. కులపెద్ద ఎదుట తాళి కట్టడమే ప్రమాణం. మారుమనువులో అదీ కుదించుకుపోయేది. మేళం లేకుండా, బాసికం లేకుండా, చీర పెట్టి తాళి కడితే పెండ్లి అయినట్టే.

సీమ సేద్యపు పెండ్లిళ్ళలో అన్నింటికన్నా గుర్తుండేది నాగవల్లి నాటి దుక్కి. పందిట్లో పళ్ళెంలోనో పాదులోనో మట్టి పోస్తారు. వరుడు పుల్లతోనో బొమ్మనాగలితోనో చాళ్ళు తీస్తాడు. పెండ్లికూతురు వెనకే నవధాన్యాలు చల్లుతుంది, ఆపై చేనికి కూడు తెచ్చినట్టు అంబలి తెస్తుంది. చాలు వంకరగా పోయిందని మరదళ్ళు ఎగతాళి చేస్తారు, ఎద్దులకు నీళ్ళు పెట్టావా అని అడుగుతారు. ఉత్తుత్తి దుక్కి దున్నే ఈ తంతును థర్స్టన్ గ్రంథమూ వర్ణించింది. పురోహితుడి మంత్రంలో లేని బాధ్యతను ఇది నలుగురి ముందు సూటిగా చెబుతుంది. తాళి కట్టినవాడు దున్నాలి, కట్టించుకున్నది విత్తాలి.

మెరవణి మాత్రం అందరిదీ కాదు. గుర్రం, పల్లకి, కొమ్ముబూర, దివిటీలు, గొడుగు లాంటి వాటిలో ఏ కులం వరుడికి ఏవి చెల్లుతాయో ఊరి కట్టుబాటు తేల్చేది. మద్రాసు రాజధానిలో కుడిచేయి, ఎడమచేయి అని రెండు వర్గాలుగా చీలిన కులాల మధ్య ఊరేగింపు హక్కుల మీద ఎన్నో తగాదాలు నడిచాయి. దళిత వరుడు పెద్దవీధిలో చెప్పులు తొడుక్కుని నడవడమే నేరంగా చూసిన రోజులున్నాయి. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం తరవాతా ఇది పూర్తిగా పోలేదు. అందుకే షెడ్యూల్డు కులాలు, తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, పెండ్లి ఊరేగింపును, అందులో గుర్రమెక్కడాన్ని, బహిరంగంగా కొత్తబట్టలు, చెప్పులు వేసుకోవడాన్ని అడ్డుకుంటే శిక్ష అని విడిగా పేర్కొనాల్సి వచ్చింది. వరుడి వేషం ఎంత అధికారంతో కూడినదో చెప్పడానికి ఈ ఒక్క నిబంధన చాలు.

పెండ్లి ఎప్పుడన్నది పంచాంగంతోపాటు పంట కూడా తేల్చేది. కొర్ర, జొన్న, సజ్జ ఇంటికి చేరాక మాఘం, ఫాల్గుణం. ఆ తరవాత వైశాఖం. వేరుశనగ వచ్చాక ఈ ముడి మరీ బిగిసింది. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా ఆ ఒక్క పంటే పరుచుకుంది. జులైలో విత్తి, కార్తీకం తరవాత కాయ అమ్మితే వచ్చే డబ్బే పెండ్లి డబ్బు. వాన ఎగబెడితే ముహూర్తం మరుసటి ఏడాదికి పోయేది, లేదా అప్పుతో జరిగేది. ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు (1876-78) లాంటి కాలంలో బతకడమే గగనమైంది. ఐదు రోజుల పెండ్లి మూడు రోజులకు, ఆపై ఒక రోజుకు కుదించుకుపోవడంలో నాగరికత ఎంతుందో నీళ్ళ కొరత, ధాన్యం కొరత కూడా అంతుంది. ఎండాకాలం మూడు రోజుల పెండ్లికి ఊరిబావి చాలదు.

ఇరవయ్యో శతాబ్దంలో వరుడి మీద మొదట చేయి వేసింది వయసు చట్టం. 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన శారదా చట్టం వరుడికి 18, వధువుకు 14 ఏళ్ళు నిండాలంది. 1978 సవరణ వాటిని 21, 18 చేసింది. 1955 హిందూ వివాహ చట్టం సప్తపది ఉన్న పెండ్లి ఏడో అడుగుతో పూర్తయినట్టేనని చెప్పి, ఆచారం ఉన్నచోట మేనమామ పెండ్లికి అడ్డు చెప్పలేదు. ఓలి మాత్రం చట్టం అవసరం లేకుండానే మాయమైంది. చదువు, సర్కారు కొలువు, నీళ్ళున్న భూమి ఉన్న వరుడి విలువ పెరగడంతో డబ్బు ఎదురు నడక పట్టింది. ఓలి ఇచ్చిన తాతల మనవలు కట్నం పుచ్చుకున్నారు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా ఆ ప్రవాహం ఆగలేదు. పెండ్లి ఖర్చు ఆడపెండ్లివారి నెత్తికెక్కింది. ఇది పురోగతి అనిపించుకోదు. పాత పద్ధతిలో కనీసం ఇచ్చేవాడు వరుడు.

వేషమూ అదే కాలంలో మారింది. చదువుకున్న వరుడు ముందు పొడుగు కోటు, దాని మీద తలపాగా పెట్టాడు. తరవాత సూటు, టై వచ్చాయి. ఇప్పుడు రాత్రి రిసెప్షన్‌కు సూటో షేర్వానీయో, పొద్దున ముహూర్తానికి మాత్రం మధుపర్కాలు. అద్దె షేర్వానీకి ఎవరికీ ఏమీ బాకీ ఉండనక్కరలేదు, అద్దె కడితే చాలు. రుమాలు చుట్టడం వచ్చిన ముసలివారు తగ్గిపోవడంతో కుట్టి తయారుగా ఉంచిన పేటాలు కొంటున్నారు. బాకు పోయింది, చాలాచోట్ల నిమ్మకాయ ఒక్కటే మిగిలింది.

బాధ్యత కాగితం మీదికీ ఎక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టం పెండ్లి నమోదును తప్పనిసరి చేసింది. తిరుమల తిరుపతి దేవస్థానం 2007లో మొదలుపెట్టిన కల్యాణమస్తు సామూహిక వివాహాల్లో పేద వరుడికి కట్టుబట్టలు, కట్టాల్సిన తాళిబొట్టు రెండూ దేవస్థానమే ఇచ్చింది. 2022 అక్టోబరు 1 నుంచి రాష్ట్ర ప్రభుత్వం అమలుచేసిన కల్యాణమస్తు, షాదీ తోఫా పథకాలు సాయం అందాలంటే వరుడికి 21 ఏళ్ళు, వధువుకు 18 ఏళ్ళు నిండి ఉండాలని, ఇద్దరూ పదో తరగతి పాసై ఉండాలని షరతు పెట్టాయి.